బొటనవేలి జవాబులు

“ఫోన్ అబద్ధమాడదు మేడం. మనిషే ఆడతడు,” అన్నాడు ధర్మేందర్.

ఈ మాట అతను కొత్తగా అన్నది కాదు. భూపాలపల్లిలో డిజిటల్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నప్పటి నుంచి అతను తీసే ప్రతి వీడియో ఇదే వాక్యంతో మొదలవుతుంది. మనుషులను కలవడం, ఇళ్లకు పోవడం, తలుపులు తట్టడం అతనికి చిన్నతనం. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే లోకమంతా తన దగ్గరికే వస్తుందని అతని నమ్మకం. నాలుగేళ్ల కిందట లింగాల ఘనపూర్‌లో ఇదే నమ్మకంతో ఫోన్ దొంగిలించినవాణ్ణి వదిలేసి, దాన్ని సంతలో కొనుక్కున్న ఒక అమాయకుణ్ణి పట్టించాడు.

స్వరూప అతని మొహం చూడలేదు. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఉన్న ఫోన్‌ను చూసింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింబావు. కాళేశ్వరంలో ఒక యాత్రికుల సత్రం, కింది అంతస్తులో గది. లోపల నలుగురున్నారు. పదకొండేళ్లుగా జనగామలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్న స్వరూప. ధర్మేందర్. అతన్ని పనిలో పెట్టుకున్న గణేశ్. గోడకు ఆనుకుని కింద కూర్చున్న చాందీ. ఆ గదిలో లేనిది చాందీ కూతురు ఉమ. గణేశ్ ఆమె భర్త. ఉమ గోదావరిలో దూకిందా లేదా తేల్చమని చాందీ స్వరూపను పిలిపించింది. రెండేళ్ల కిందట వాళ్ల తండాలో తప్పిపోయిన ఒక ముసలాయన్ను స్వరూప వెతికి తెచ్చింది. ఆ గుర్తుతో పిలిచింది.

ఇప్పటిదాకా అందరూ ఒప్పుకున్న సంగతి ఇంతే. ఉమకు ఇరవై ఏడేళ్లు. పుట్టింది మరిపెడ దగ్గర తండాలో. జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అక్కడే గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటుంది. గణేశ్‌కు భూపాలపల్లిలో సెల్‌ఫోన్ల దుకాణం. శనివారం సాయంత్రం భార్య దగ్గరికి వచ్చి సోమవారం పొద్దున పోతాడు. ఈ బుధవారం పదకొండు ఇరవైకి ఉమ ఫోన్ నుంచి తల్లికి ఒక మెసేజ్ వెళ్లింది. ‘అమ్మా, నన్ను క్షమించు. నాకు బతకాలని లేదు. గోదావరిలో కలిసిపోతున్నా.’ పన్నెండింటికి ఘాట్ మెట్ల మీద ఆమె చెప్పులు, వాటి పక్కన ఫోన్ కనిపించాయి. పోలీసులు ఫోన్‌లోని సమాచారం కాపీ చేసుకుని, సంతకం తీసుకుని దాన్ని భర్తకు ఇచ్చారు. రెండు రోజులుగా నదిలో పడవలు తిరుగుతున్నాయి. శవం దొరకలేదు.

“పద్నాలుగు పేజీల రిపోర్టు,” ధర్మేందర్ కాగితాలు ముందుకు తోశాడు. “ఆర్నెల్ల బతుకు మొత్తం ఇందుల ఉంది. ఏం వెతికింది, ఏ పాటలు ఇన్నది, రాత్రి ఎప్పటిదాక మేల్కొన్నది. నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలె అని ఏడుసార్లు వెతికింది. రాత్రి రెండింటికి, మూడింటికి ఫోన్ చూసింది. ఇది డిప్రెషన్ కాకపోతే ఏంది?”

“ఆ తేదీలల్ల ఆమెకు నైట్ డ్యూటీ ఉంది.”

“నైట్ డ్యూటీల డిప్రెషన్ రావద్దని ఉందా?”

“లేదు. కానీ రాత్రి మూడింటికి మేల్కొని ఉండుడు నర్సు పని. నీ రిపోర్టుల ఆమె నర్సు అనే ముక్క యాడుంది?”

ధర్మేందర్ పేజీలు తిప్పాడు. ఆ ముక్క ఎక్కడా లేదు.

“ఫోన్ ఇయ్యి,” అంది స్వరూప.

గణేశ్ కవరులోంచి ఫోన్ తీసి, చూడకుండానే నాలుగంకెలు నొక్కి, తెరిచి ఇచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. రెండు రోజుల కింద భార్యను నదికి ఇచ్చుకున్నవాడి మొహం మీద గడ్డం మాత్రం లేదు.

“ఆమె నంబరు నీకు బాగనే నోటికొచ్చే.”

“మొగుడు పెండ్లాం నడుమ దాపరికాలేంది మేడం.”

స్వరూప కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు ఆ ఫోన్ చూసింది. ధర్మేందర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అతను రెండు రోజులు పడిన శ్రమను ఈమె వేలితో ఇంత నిదానంగా తోసుకుంటూ పోవడం అతనికి నవ్వులాటగా ఉంది. ఆ నవ్వు దాచుకోవాలని కూడా అతనికి అనిపించలేదు.

తర్వాత ఆమె వచ్చి చాందీ ఎదురుగా కింద కూర్చుంది.

“అక్కా, నీకు చదువొస్తదా?”

“రాదు.”

“మరి బిడ్డ నీతోని ఫోన్ల ఎట్ల మాట్లాడుతది?”

“మాట పంపుతది. కొసకున్నది నొక్కితె ఇనవడతది. మా బాసల్నే మాట్లాడతది.”

“యాడీ, అని మొదలుపెడతది. అంతేనా?”

చాందీ తల ఊపింది. వాళ్ల భాషలో తల్లిని పిలిచే ఆ మాట వినగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ధర్మేందర్, విను,” స్వరూప తల తిప్పకుండానే అంది. “తల్లికి ఉమ పంపిన మాటలు నాలుగు వందల పన్నెండు. అన్నీ గొంతే. అన్నీ యాడీ అనే మొదలు. రాసి పంపింది ఒక్కటే, బుధవారం నాటిది. చదువు రాని తల్లికి, సచ్చే ముందు, తెలుగుల రాసి, అమ్మా అని పిలిచింది. ఇది నీ రిపోర్టుల ఎన్నో పేజీ?”

“ఎమోషన్‌ల ఉన్న మనిషి...”

“ఎమోషన్‌ల ఉన్న మనిషి ఇంటి భాష మర్చిపోతదా? సరే, ఇంకోటి చూడు. సోమవారం సాయంత్రం ఏడింటికి తనకు జ్వరమని, పండుకుంటనని ఆమె భర్తకు రాసింది. ఆ తర్వాత బుధవారం మెసేజ్ దాక ఆ ఫోన్ నుంచి ఎవరికన్న ఒక్క అక్షరం పోయిందా?”

“జవాబులు పోయినయ్. అందరికి జవాబిచ్చింది.”

“ఏమని?”

ధర్మేందర్ రిపోర్టులో వెతకబోయాడు. స్వరూపే చదివింది.

“మంగళవారం పొద్దున వార్డు ఇన్‌ఛార్జి అడిగింది: సెలవు రెండు రోజులా, మూడు రోజులా? జవాబు, పైకి లేపిన బొటనవేలు. పదిన్నరకు ఇంటామె అడిగింది: ట్యాంకర్ వచ్చింది, నీ బిందెలు నింపాలా, వద్దా? బొటనవేలు. నాలుగింటికి తోటి నర్సు రాసింది: మా మామ చనిపోయిండు, ఊరికి పోతున్న. దానికీ బొటనవేలే. మామ సచ్చిపోతే శభాష్ అన్నట్టు. ఆర్నెల్ల బతుకు చదివినవాడివి, ఈ ఒక్క రోజు చదవలేకపోయినవా?”

ధర్మేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

“అంటే ఏంది మీరనేది?”

“ఆ రోజు ఫోన్ పట్టుకున్న మనిషికి చదువు రాదు. ఏం అడిగినా ఒక్క బొమ్మే నొక్కుమని ఎవరో నేర్పిన్రు. ఇగ బుధవారం ఫోన్ తిరిగిన తొవ్వ చూడు, మ్యాపుల ఉంది. జనగామ నుంచి హనుమకొండ, అక్కడ బస్సు మారి కాళేశ్వరం. పది ఇరవై ఐదుకు బస్సు దిగింది. ఘాట్‌కు చేరింది పదకొండు పది దాటినంక. ఉమ వార్డుల ఉరుకుతనే ఉంటది, ఆమె అయితే పావుగంటల పోతది. ఈ మనిషికి నలభై ఐదు నిమిషాలు పట్టింది. మధ్యల మూడుచోట్ల ఆగింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి.”

“సావబోయేటోళ్లు మెల్లగనే నడుస్తరు.”

“మెల్లగ నడుస్తరు, నిజమే. తొవ్వల చదువు పోగొట్టుకోరు.”

ధర్మేందర్ కాగితాలు దగ్గరికి లాక్కుని సర్దుకోవడం మొదలుపెట్టాడు. అతని దగ్గర జవాబు లేనప్పుడు కాగితాలు సర్దుకుంటాడని స్వరూపకు పాత కేసుల నుంచి తెలుసు. ఆమెకు జాలి కలగలేదు. తెలివితక్కువవాడి మీద జాలిపడొచ్చు; తెలివి ఉండి లేచి బయటికి వెళ్లడానికి బద్ధకించేవాడి మీద పడటం దండగ అని ఆమె అభిప్రాయం.

ఆమె గణేశ్ వైపు తిరిగింది.

“బుధవారం ఘాట్‌కాడికి నువ్వు ఎన్నింటికి వచ్చినవ్?”

“పన్నెండుంబావు.”

“పోలీసులు నీకు ఫోన్ చేసింది పన్నెండున్నరకు. పావుగంట ముందే నీకెట్ల తెలిసింది?”

“మనసుకు తట్టింది మేడం.”

“భూపాలపల్లి నుంచి గంట తొవ్వ. అంటే పదకొండుంబావుకే నీ మనసుకు కాళేశ్వరం అని తట్టింది. ఊరి పేరుతో సహా.”

గణేశ్ ధర్మేందర్ వైపు చూశాడు. ధర్మేందర్ పైకప్పు చూస్తున్నాడు.

“ఈ ఫోన్ల వాట్సాప్ ఇంకో ల్యాప్‌టాప్‌కు కలిపి ఉంది,” స్వరూప తెర అతని మొహం ముందుకు పెట్టింది. “ఎనిమిది నెలల నుంచి. ఆమె యాడున్నదో సుత నీకు కనవడేటట్టు పెట్టుకున్నవ్. ఫోన్ ఇచ్చింది నువ్వే, పెట్టింది నువ్వే. పదకొండింటికి దుకాణం తెరిచి చూసినవ్. ఆమె జ్వరంతోని గదిల లేదు, కాళేశ్వరంల ఉంది. ఉరికొచ్చినవ్. అవునా?”

“ఫికర్‌తోని పెట్టుకున్న. ఒంటరిగ ఉంటది గద.”

“ఇది సుత ఫికరేనా?” ఆమె అతని పాత మెసేజ్ ఒకటి తీసి గట్టిగా చదివింది. “‘నిన్న పదకొండు వేల అడుగులు. ఇయ్యాల ఎనిమిది వేలే. మిగతా మూడు వేల అడుగులు ఏమైనయ్? ఎవని కాడ కూసున్నవ్?’ ఇసుంటివి తొంభై ఆరున్నయ్. రోజూ పెండ్లాం అడుగులు లెక్కపెట్టే మొగుణ్ణి నేను నిన్నే చూస్తున్న.”

చాందీ మెల్లగా తలెత్తింది. “గీ అడుగుల లెక్కేంది బిడ్డా?” అని అల్లుణ్ణి అడిగింది. గణేశ్ చొక్కా చేతులు సర్దుకున్నాడు. ఆమె అతన్ని చూస్తూనే ఉండిపోయింది. ఇంతకాలం పండక్కి వచ్చి కాళ్లకు మొక్కిన అల్లుడు ఇతనేనా అన్నట్టుంది ఆ చూపు.

“నేను జెప్పేది ఇది,” స్వరూప లేచి నిలబడింది. “ఉమ నదిల దూకలేదు. ఆ రాత ఒకరిది, ఫోన్ మోసిన కాళ్లు ఇంకొకరివి. మోసిన మనిషిని నేను పట్టుకుంట. రాసిన మనిషి చదువుకున్నోడు, ఆమె ఫోన్ తెరిచే నంబరు తెలిసినోడు.” ఆమె కళ్లు గణేశ్ మీదే ఉన్నాయి.

“నేనే రాసిన్నంటరా?”

“నేను పేరు చెప్పలే.”

చాందీ ఆమె చెయ్యి పట్టుకుంది. “నా బిడ్డ బతికున్నదా అక్కా?”

ఇలాంటి చోట తెలియదు అనడమే డిటెక్టివ్ ధర్మం. ధర్మేందర్ మొహం ఎదురుగా ఉంది. ఆ మొహం మీద ఇంకా మిగిలి ఉన్న ఆ కాస్త నవ్వును కూడా తుడిచేయాలనిపించింది.

“బతికున్నది,” అంది స్వరూప. “ఫోన్ దగ్గర పెట్టుకో. తెలియని నంబరు వచ్చినా ఎత్తు.”

పది ఇరవైకి ఆమె కారు కాళేశ్వరం దాటింది.

*

జనగామలో ఉమ ఉండే గది తలుపు ఇంటి యజమానురాలు తీసేసరికి ఒంటిగంటా యాభై. పోలీసులు బుధవారమే చూసిపోయారని, ఏమీ ముట్టుకోలేదని ఆమె చెప్పి వెళ్లిపోయింది.

ఒక మంచం, ఒక ఇనుప పెట్టె, గ్యాస్ పొయ్యి, గోడకు క్యాలెండర్, కిటికీ దగ్గర దండెం. స్వరూప ముందు ఏమీ తాకకుండా గది మధ్యలో నిలబడింది. పొద్దున చూసిన ఫోన్‌లో ఒక ఉమ ఉంది. మొగుడితో దిగిన ఫొటోను తెర మీద పెట్టుకున్న ఉమ, ఏడుపు పాటలు వినే ఉమ, ప్రతి సోమవారం దేవుడి బొమ్మలు పంపే ఉమ. ఆ ఉమకు ఈ గదిలో ఏదీ కలవలేదు. గోడ మీద మొగుడి ఫొటో లేదు. దేవుడి పటం లేదు.

ఇనుప పెట్టె తెరిచింది. చీరలు, రెండు స్వెటర్లు, పాత నర్సు బట్టలు. అడుగున పరిచిన వార్తాపత్రిక మీద ఒక పక్క దుమ్ము ఉంది. ఫైలు వెడల్పున నలుచదరంగా ఒక్కచోట మాత్రం లేదు. పెట్టెలో సర్టిఫికెట్లు లేవు. మంచం కింద, దండెం మీద, పొయ్యి వెనక వెతికింది. ఎక్కడా లేవు.

ఆమె మంచం మీద కూర్చుంది. మనిషిని ఎత్తుకుపోయేవాడు సర్టిఫికెట్లు ఎత్తుకుపోడు. చావడానికి పోయే మనిషి పదో తరగతి మెమో వెంట తీసుకుపోదు.

క్యాలెండర్ దించింది. అయిపోయిన నెలల కాగితాలు చింపకుండా వెనక్కి మడిచి ఉన్నాయి. వాటి వెనక పెన్సిల్‌తో సన్నటి తెలుగు అక్షరాలు. పాణీ, నీళ్లు. తాప్, జ్వరం. దుఖతయ్ కా, నొప్పిగా ఉందా. నాలుగు కాగితాల నిండా మరాఠీ మాటలు, అన్నీ నర్సు రోగిని అడిగేవి. పొద్దున ఆ ఫోన్‌లో మరాఠీ అన్న మాట ఒక్కటీ కనపడలేదు. ఎవరికీ తెలియకుండా ఒక భాష నేర్చుకోవాలంటే ఈ రోజుల్లో కాగితం, పెన్సిలే దిక్కు అని ఉమకు తెలిసింది.

తలుపు వెనక మేకుకు ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. ఫోన్ సరిగ్గా పట్టే కొలత. నడుముకు కట్టుకోవడానికి రెండు నాడాలు. చేత్తో కుట్టింది, నీలి గుడ్డ, దవాఖానలో ఆయాలు కట్టే చీర ముక్క. స్వరూప దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఫినాయిల్ వాసన, దాని మీద జర్దా వాసన.

ఉమ ఫోన్‌ను తన నడుముకు కట్టుకుని తిరిగే మనిషి ఒకరున్నారు. బుధవారం ఒక్కరోజు కాదు. సంచి అంచులు నలిగి, నాడాలు చెమటకు నల్లబడి ఉన్నాయి. నెలల తరబడి కట్టిన సంచి అది.

ఏదో తప్పు జరిగిందన్న అనుమానం స్వరూపకు మొదటిసారి అప్పుడు కలిగింది. సంచి బ్యాగులో వేసుకుని దవాఖానకు నడిచింది.

*

జర్దా నమిలే ఆయా ఎవరని అడగాల్సిన పని రాలేదు. వెనక వరండాలో బకెట్ పక్కన నిలబడి, నేల తుడిచే కర్రను ఊతంగా పట్టుకుని ఉన్న మనిషికి యాభై ఐదేళ్లుంటాయి. మెట్టు దిగేటప్పుడు రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి దిగింది. చీర మీద వేసుకున్న చొక్కాకు కుట్టిన పేరు సత్తమ్మ.

స్వరూప ఆమెకు ఒక కాగితం చూపించింది. “ఇది చదువు.”

“నాకు చదువు రాదు బిడ్డా.”

“తెలుసు.” ఆమె సంచి తీసి బకెట్ మూత మీద పెట్టింది. “ఫోన్ల బొటనవేలు ఎవరు నేర్పిన్రు నీకు? గణేశ్ ఎంత ఆశ పెట్టిండు?”

సత్తమ్మ సంచి వైపు చూసింది. తర్వాత స్వరూప మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం లేదు. ఊరంతా తిరిగొచ్చి ఇంత తెలివితక్కువ ప్రశ్న అడిగిన మనిషిని చూసే చూపు అది.

“ఆడు నాకు ఆశ పెట్టుడేంది? నువ్వెవరు? ఎవరు పంపిన్రు నిన్ను?”

“చాందీ. ఉమ తల్లి.”

సత్తమ్మ మెట్టు మీద కూలబడింది. కర్రను ఒళ్లో అడ్డం పెట్టుకుంది.

“ఆ తల్లికి చెప్పుదామని నేను అన్న,” అంది చివరికి. “ఉమ వద్దన్నది. తల్లి నిజంగ ఏడిస్తెనే ఆడు నమ్ముతడు, మూడొద్దులు ఓర్చుకుంటె సాలు అన్నది. మూడో దినం తానే ఫోన్ జేసి చెప్తనన్నది.”

“మెసేజ్ రాసింది?”

“ఉమనే. సోమవారం నాడే రాసిపెట్టి, గిది నొక్కితె పోతదని సూపెట్టింది. ఘాట్‌కాడ కూసొని నేను నొక్కిన. అచ్చరాలు ఏమున్నయో నాకెర్క లేదు. చెప్పులు సుత నేనే ఇడిచిన.”

స్వరూప గోడకు ఆనుకుంది. “ఎందుకు?”

“ఎందుకా. ఆర్నెల్ల కింద ఆమె చెయ్యి తలుపుల పెట్టి నొక్కిండు. మణికట్టు ఇరిగింది. పట్టీ కట్టించింది నేనే, వేరే పేరు రాయించి. ఫోన్ల ఎవరికి చెప్పుకున్నా ఆనికి కనవడతది. ఫోను ఒకకాడ పెట్టి యాడికన్న పోదామంటె, అడుగులు పడలేదని ఆ వారం వచ్చి కొడతడు. అందుకె నా నడుముకు కట్టింది. నేను వార్డు తుడుస్తుంటె ఆ అడుగులన్ని ఉమ అడుగులే అనుకునేటోడు. ఆమె ఆ గంట సేపు స్టోర్‌రూంల కూసొని మరాఠీ చదువుకునేది. నది అవతల మహారాష్ట్రల, సిరోంచల ఒక దవాఖానల నౌకరి మాట్లాడుకున్నది. శనివారం రమ్మన్నరు. రేపే.”

“ఇప్పుడు యాడుంది?”

సత్తమ్మ ఎదురు ప్రశ్న వేసింది. “గిదంత నువ్వెట్ల కనిపెట్టినవ్?”

స్వరూప చెప్పింది. బొటనవేలు, నడక, ఇంటి భాష. మాట్లాడుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది.

“గీ మాటలు యాడ చెప్పినవ్?”

“కాళేశ్వరంల.”

“ఎవరెవరున్నరు అప్పుడు?”

స్వరూప బకెట్ మీది సంచి వైపు చూసింది.

“ఆడు ఉన్నడా?” సత్తమ్మ అడిగింది. “ఉమ సావలేదని, ఆని ముంగట చెప్పినవా?”

స్వరూప తల ఊపింది. పొద్దున ఆ గదిలో ధర్మేందర్‌ను ఎంత తక్కువగా చూసిందో, గణేశ్‌ను ఎంత అసహ్యించుకుందో అంతా ఆమెకు గుర్తొచ్చింది. ఉన్న నలుగురిలో ఉమకు అందరికంటే ఎక్కువ చేటు చేసిన మనిషి తనే. ధర్మేందర్ మూర్ఖత్వం ఉమను కాపాడుతూ వచ్చింది. తన తెలివి దాన్ని ఇరవై నిమిషాల్లో తీసి అవతల పారేసింది. అదీ ఒక సోమరిపోతు మొహం మీది నవ్వు తుడవడం కోసం.

“భూపాలపల్లిల ఉంది,” అంది సత్తమ్మ. “మా చెల్లె ఇంట్ల. ఆడు అన్ని ఊర్లు దేవులాడతడు గని సొంత ఊర్ల దేవులాడడు అన్నది. పొద్దుగాల సిరోంచ బస్సుకు సుత అదే తొవ్వ.”

స్వరూప ఫోన్ మోగింది. మూడు దాటి ఐదు నిమిషాలు. చాందీ.

“అక్కా,” చాందీ ఏడుస్తూ నవ్వుతోంది. “నా బిడ్డ ఫోన్ జేసింది. రెండున్నరకు. యాడీ అన్నది. బతికున్నది అక్కా. నువ్వు జెప్పినట్టే అయింది. నీ కాళ్లు కడిగి నెత్తిన సల్లుకుంట.”

“ఎవరున్నరు అక్కా నీ కాడ?”

“అందరం ఉన్నం గప్పుడు. ఫోను బల్ల మీదనే ఉండె. ఆ ల్యాప్‌టాప్ సారు ఎత్తి గట్టిగ ఇనవడేటట్టు పెట్టిండు. గణేశ్ సుత ఈడనే ఉన్నడని నేను అనంగనే బిడ్డ ఫోన్ కట్ జేసింది. మల్ల చేస్తె ఎత్తుతలేదు. అడుగుల సంగతి నేను గణేశ్‌ను గట్టిగనే అడిగిన. తప్పయింది అత్తా, కాళ్లు మొక్కి తోలుకొస్త అన్నడు. ఇద్దరు కలిసి పోయిన్రు.”

“ఎన్నింటికి?”

“ఫోను అయినంక పావుగంటకు.”

రెండూ ముక్కాలు. కాళేశ్వరం నుంచి భూపాలపల్లికి గంట. పావు తక్కువ నాలుగుకల్లా చేరతారు. జనగామ నుంచి ఎంత తొక్కినా రెండున్నర గంటలు. స్వరూప లెక్క వేసుకుంటూనే ధర్మేందర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది. పక్కన సత్తమ్మ చెల్లెలి నంబరు నొక్కుతోంది. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

“మేడం, ఒప్పుకుంటున్న,” ధర్మేందర్ గొంతులో హుషారు. వెనక కారు చప్పుడు. “మీరు జెప్పిందే నిజం. మనిషి బతికే ఉంది. కానీ నంబరు పట్టుకొని ఇంటి అడ్రస్ తీసింది మాత్రం నేను. ఏడు నిమిషాలు.”

“ధర్మేందర్, నేను పొద్దున అన్నవన్నీ వెనక్కి తీసుకుంట. బండి ఆపు. ఆ ఇంటికి పోకు.”

“అదేంది. మీ కేసు, నా కేసు రెండూ ఒక్కసారే అయిపోతుంటె.”

“ఉమ తానే పారిపోయింది. ఆయనకే భయపడి పోయింది. ఆయన ఆమె చెయ్యి ఇరగ్గొట్టిండు.”

కారు చప్పుడు తగ్గలేదు.

“ఆర్నెల్లది మొత్తం చూసిన మేడం,” అన్నాడు ధర్మేందర్. “ఫోన్ల అసుంటిదేం లేదు.”

“ఫోన్ల ఉండదు. ఆమె పెట్టలే. ఆయన చూస్తడని పెట్టలే. ఒక్కసారి ల్యాప్‌టాప్ మూసి మనిషి చెప్పేది విను. బండి ఆపు.”

“ఆపినా ఏం లాభం లేదు. మా ఆఫీసుల పనిచేసే మనిషిని ముందే ఆ ఇంటికి పంపిన. మల్ల యాడికన్న పోతదేమోనని బయట గొళ్లెం పెట్టించిన. లోపల ఇంకో ఆమె ఉన్నదట, ఇద్దరు తలుపు కొడుతున్నరట.”

సత్తమ్మ లేచి స్వరూప ఫోన్ మీదికి వంగింది. “మా చెల్లె,” అంది. “ఆ గొళ్లెం తియ్యమను బిడ్డా. జర తియ్యమను.”

ఆ మాట అవతలికి వినిపించింది. ఫోన్‌లో ఇంకో గొంతు పలికింది. దగ్గరగా, మర్యాదగా. కారులో స్పీకర్ పెట్టి ఉందని స్వరూపకు అప్పుడు అర్థమైంది.

“గా గొంతు దవాఖాన సత్తమ్మదేనా, మేడం?” అన్నాడు గణేశ్. “చదువు రాని మనిషి అని మీరు పొద్దున జెప్పినప్పటి నుంచి ఆలోచిస్తనే ఉన్న, ఎవరా అని. మంచిగ దొరికింది. గామెను గాడనే ఉండమనున్రి. ఉమతోని మాట్లాడుడు అయినంక, జనగామనే వస్త.”

ఫోన్ కట్టయింది.

స్వరూప వంద నంబరు నొక్కుతూ కారు వైపు పరుగెత్తింది. సత్తమ్మ ఆగమని అనలేదు, వస్తానని అడగలేదు; కుంటుకుంటూ వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. అప్పటికి మూడు దాటి పద్నాలుగు నిమిషాలయింది.